ఎలివేషన్ డ్రాయింగ్‌లో గీతల మందం: ఏది లావుగా ఉండాలి, ఏది సన్నగా ఉండాలి?

ఈ రోజు చాలామంది అడుగుతున్న ఒక ప్రశ్న తీసుకుందాం. "అన్నా, నేను ఎలివేషన్ గీస్తే కొలతలన్నీ కరెక్టే. కిటికీ ఎక్కడుండాలో అక్కడే ఉంది. కానీ ప్రింట్ తీస్తే చప్పగా, కాగితానికి అతికించినట్టు ఉంటుంది. వేరేవాళ్ళ డ్రాయింగ్ మాత్రం బిల్డింగ్ నిలబడినట్టు కనిపిస్తుంది. ఏంటి తేడా?" తేడా చాలావరకు ఒక్కటే. గీతల మందం. మన భాషలో లైన్ వెయిట్.

ఇది అందం కోసం చేసే పని అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక దెబ్బ తగిలాక తెలిసింది. చిత్తూరు వైపు ఒక ఇంటికి ముందు ఎలివేషన్ గీసిచ్చాను. పిట్టగోడ కింద అడ్డంగా ఒక పట్టీ పెట్టాను, గోడ కంటే నాలుగు అంగుళాలు బయటికి రావాలి. డ్రాయింగ్‌లో అది రెండు సమాంతర గీతలు. దాని కింద గోడలో ఒక గాడి కూడా ఉంది. అదీ రెండు గీతలే. అన్నిటికీ ఒకటే మందం. సెక్షన్ షీట్ తర్వాత ఇద్దాంలే అనుకున్నాను.

వారం తర్వాత సైట్‌కి పోతే, పట్టీ ఉండాల్సిన చోట కూడా గాడి కొట్టేసి ఉంది. మేస్త్రీని అడిగితే, "ఏమి సార్, రెండు గీతలుంటే గాడే కదా అనుకుంటి" అన్నాడు. ఆయన తప్పేముంది? కాగితం మీద ఆ రెంటికీ తేడా నేను చూపించలేదు. ఆ గాడి పూడ్చి, పట్టీ కట్టి, మళ్ళీ పూత పూయడానికి రెండు రోజులు పట్టింది. ఆ కూలీ నేనే కట్టుకున్నాను. అందుకే చెప్తున్నా, లైన్ వెయిట్ అంటే షోకు కాదు, సమాచారం.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి

ఎలివేషన్‌లో అసలు సమస్య ఏంటంటే, దాంట్లో లోతు ఉండదు. ప్లాన్‌లో పొడవు వెడల్పు తెలుస్తాయి, సెక్షన్‌లో ఎత్తు, లోతు తెలుస్తాయి. ఎలివేషన్‌లో మాత్రం ముందుకొచ్చిన బాల్కనీ, వెనక్కి ఉన్న గోడ, ఇంకా వెనకాల ఉన్న వాటర్ ట్యాంకు, అన్నీ ఒకే తలం మీద పడిపోతాయి. పోయిన ఆ లోతుని మనం గీత మందంతో వెనక్కి తీసుకురావాలి.

సూత్రం ఇది: గీతకి అవతల ఎంత లోతు ఉంటే, గీత అంత లావు.

బిల్డింగ్ అంచుకి అవతల ఏముంది? ఆకాశం. అంటే లోతుకి అంతే లేదు. కాబట్టి బయటి అంచు లావుగా ఉండాలి. సజ్జ అంచుకి అవతల? రెండడుగుల వెనక గోడ. కాబట్టి మధ్యస్థం. కిటికీ ఫ్రేముకి అవతల? నాలుగైదు అంగుళాల లోపల అద్దం. కాబట్టి సన్నం. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు? లోతు లేనట్టే. కాబట్టి అన్నిటికంటే సన్నం.

దీనికి బయట ఉన్నది ఒకే ఒక్క గీత, నేల గీత. అక్కడ మనం భూమిని కోసి చూపిస్తున్నాం, అంటే అది సెక్షన్ గీత లాంటిది. అందుకే అది అన్నిటికంటే లావు. బిల్డింగ్ దాని మీద కూర్చున్నట్టు ఉండాలి, గాల్లో తేలినట్టు కాదు.

నమ్మకం కలగాలంటే తిరుపతి రైల్వే స్టేషన్ వైపు నుంచి గోవిందరాజస్వామి గుడి గోపురాన్ని తెల్లవారుజామున ఒకసారి చూడండి. మొదట కనిపించేది ఆకాశం ముందు నల్లగా ఉన్న ఆకారం ఒక్కటే. కొంచెం వెలుతురు వచ్చాక, కొంచెం దగ్గరికి పోయాక, ఏడు అంతస్తులు విడివిడిగా తెలుస్తాయి. ఇంకా దగ్గరికి పోతే గూళ్ళు, చిన్న స్తంభాలు. గోపురం కిందికి పోతేగానీ బొమ్మల ముఖాలు తెలియవు. కన్ను ఏ వరుసలో చూసిందో అదే వరుసలో మందం ఇవ్వండి: ఆకారానికి లావు, అంతస్తులకి దాని తర్వాత, గూళ్ళకి ఇంకా సన్నం, బొమ్మల్లో నగలకి అన్నిటికంటే సన్నం. అన్నిటికీ ఒకే గీత వేస్తే ఏమవుతుంది? చిన్నచిన్న గీతలన్నీ కలిసిపోయి గోపురం బదులు సిరా ముద్ద వస్తుంది.

చంద్రగిరి రాజమహల్‌తో ప్రాక్టీస్

తిరుపతి పక్కనే మనకి మంచి పాఠం ఉంది, చంద్రగిరి కోటలో రాజమహల్. విజయనగర రాజుల కాలం నాటిది. మూడు అంతస్తులు, రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కట్టడంలో కలప వాడలేదు. ఇప్పుడు లోపల పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియం ఉంది. ముందు వైపు కమానుల వరసలు, పైన గోపురాల్లాంటి శిఖరాలు, వెనకాల కొండ. ఎలివేషన్ నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఫోన్‌తో ఎదురుగా, వీలైనంత దూరం నుంచి ఒక ఫోటో తీయండి. దాన్ని నలుపు తెలుపు చేయండి. ఇప్పుడు కళ్ళు సగం మూసి చూడండి. ఏది మిగిలితే అది లావు గీత. నేను చేస్తే ఇలా వస్తుంది.

మొదటిది, నేల గీత. 0.70 మిల్లీమీటర్లు.

రెండోది, ఆకాశం ముందు కనిపించే మొత్తం ఆకారం: రెండు పక్కల గోడలు, పైన శిఖరాల అంచులు. 0.50.

మూడోది, ముందుకీ వెనక్కీ ఉన్న భాగాల మధ్య అంచులు: ముందుకొచ్చిన గోడ భాగం, అంతస్తుల మధ్య అడ్డంగా బయటికొచ్చిన పట్టీలు, లోపల చీకటిగా ఉండే పెద్ద కమానుల అంచులు. 0.35.

నాలుగోది, తక్కువ లోతు ఉన్న గూళ్ళు, కమాను చుట్టూ ఉన్న చట్రం లాంటివి. 0.25.

ఐదోది, శిఖరాల మీద పనితనం, సున్నపు నగిషీ, రాళ్ళ సందులు. 0.13.

వెనకాల కొండ? అది బిల్డింగ్ కాదు, నేపథ్యం. అదీ 0.13, ఇంకా వీలైతే బూడిద రంగులో. కొండ పెద్దది కదా అని లావుగా గీస్తే అది మహల్ మీదికి ఎక్కి కూర్చుంటుంది.

ఒక చిన్న హెచ్చరిక. కమాను అంచుని 0.35 అన్నాం కదా అని ప్రతి కిటికీకీ అదే పెట్టకండి. కమాను వెనకాల మనిషి నడిచేంత లోతుంది. మన ఇంటి కిటికీ వెనకాల అద్దం ఉంది. పేరు చూసి కాదు, లోతు చూసి మందం ఇవ్వాలి.

ఈ నంబర్లు ఎక్కడివి?

0.13, 0.18, 0.25, 0.35, 0.50, 0.70, 1.00. ఈ వరస ఐఎస్‌ఓ ప్రమాణాల్లోది. ఒక్కో మెట్టు ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. ఎందుకు సరిగ్గా 1.4? ఎందుకంటే మన కాగితాలు కూడా అదే లెక్క. ఏ2 పొడవుని 1.4తో గుణిస్తే ఏ1 పొడవు వస్తుంది. ఏ1 షీట్‌ని ఏ2కి తగ్గిస్తే 0.70 గీత 0.50 అవుతుంది, 0.50 గీత 0.35 అవుతుంది. అంటే తగ్గించినా గీతలు అదే వరసలో ఉంటాయి.

ఇక్కడే మనవాళ్ళు దెబ్బతింటారు. ఏ1కి సెట్ చేసిన డ్రాయింగ్‌ని ఖర్చు తగ్గుతుందని జెరాక్స్ షాపులో ఏ3లో తీయిస్తారు. ఏ1 నుంచి ఏ3కి పొడవు సగం అవుతుంది. 0.70 కాస్తా 0.35 అవుతుంది, 0.13 ఏమో 0.065 అవుతుంది. ఒక కాపీ తీసేసరికి అది మాయం. కాబట్టి చివరికి ఏ కాగితం మీద చూస్తారో ముందు తెలుసుకోండి. సైట్‌కి పోయేది ఏ3 అయితే ఏ3కే సెట్ చేయండి. 1:100 స్కేల్‌లో ఏ3కి నేను వాడే వరస 0.50, 0.35, 0.25, 0.18, 0.13. అంటే అన్నీ ఒక్కో మెట్టు కిందికి, చివరిది మాత్రం అలాగే.

స్కేల్‌తో ఇంకో లెక్క కూడా ఉంది. 1:100లో 0.50 గీత అంటే అసలు బిల్డింగ్‌లో 50 మిల్లీమీటర్లు, రెండంగుళాలు. కిటికీ గ్రిల్ కడ్డీ 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 1:100లో అది 0.12. దానికి రెండు అంచులూ గీసి 0.25 పెడితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకే గీత చాలు, 0.13 ఇవ్వండి.

ఇటుక హ్యాచ్ కూడా అంతే. ఇటుక వరస, మధ్యలో సిమెంటుతో కలిపి 85 మిల్లీమీటర్లు అనుకోండి. 1:100లో 0.85 మిల్లీమీటర్లకి ఒక గీత పడుతుంది. ఆ గీత 0.35 అయితే గోడలో 40 శాతం నలుపే. 0.13 అయితే 15 శాతం. మొదటిది తారు పూసినట్టు, రెండోది ఇటుక గోడ లాగా.

ఆటోక్యాడ్‌లో ఎలా?

ముందు చిన్న చరిత్ర, ఎందుకంటే ఇది తెలియక చాలామంది తికమకపడతారు. పాత రోజుల్లో చేత్తో గీసేటప్పుడు ఒక్కో మందానికి ఒక్కో పెన్ను ఉండేది. తర్వాత వచ్చిన ప్లాటర్ మెషిన్‌లో కూడా నిజం పెన్నులే బిగించేవాళ్ళు. స్క్రీన్ మీద ఎరుపు గీత అంటే ఫలానా పెన్ను, పసుపు అంటే ఇంకో పెన్ను. రంగుని బట్టి మందం అనే ఆ అలవాటే ఈ రోజుకీ సీటీబీ ఫైల్ రూపంలో మిగిలింది.

కాబట్టి ఆటోక్యాడ్‌లో మందం రెండు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి లేయర్‌లో మీరు పెట్టిన లైన్ వెయిట్. రెండోది రంగుని బట్టి సీటీబీలో పెట్టిన లైన్ వెయిట్. సీటీబీలో ప్రత్యేకంగా మందం ఇచ్చి ఉంటే అదే గెలుస్తుంది, లేయర్‌లో మీరు ఏం పెట్టినా పట్టించుకోదు. "లేయర్‌లో మార్చా, ప్రింట్‌లో మారలేదు" అనేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే. ఆఫీసుకి సొంత సీటీబీ ఉంటే దాని ప్రకారం రంగులు వాడండి. లేకపోతే మోనోక్రోమ్ సీటీబీ పెట్టుకోండి. అది రంగులన్నీ నలుపు చేస్తుంది, మందం మాత్రం లేయర్ నుంచే తీసుకుంటుంది.

ఇప్పుడు స్టెప్స్.

ఒకటి. లేయర్ మేనేజర్‌లో ఐదు లేయర్లు చేయండి: గ్రౌండ్, అవుట్‌లైన్, ప్రొజెక్షన్, ఓపెనింగ్, టెక్స్‌చర్. ఒక్కోదానికి ఒక్కో రంగు, ఒక్కో మందం. ఏమీ పెట్టకపోతే ఆటోక్యాడ్ అన్నిటికీ 0.25 ఇస్తుంది. మీ డ్రాయింగ్ చప్పగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

రెండు. గీతలన్నిటికీ రంగు, మందం బైలేయర్‌లో ఉంచండి. ఒక్కో గీతకి విడిగా మందం ఇస్తే తర్వాత మార్చాలంటే నరకం. ఇప్పటికే అలా చేసుంటే సెట్‌బైలేయర్ కమాండ్ ఉంది, అన్నీ ఒకేసారి దారికొస్తాయి.

మూడు. మొదట అంతా సన్న గీతలతో పూర్తి చేయండి. తర్వాత అవుట్‌లైన్ లేయర్‌కి వెళ్ళి, ఆకాశానికి తగిలే అంచు మీద ఒకే పాలీలైన్‌గా చుట్టూ తిరగండి. ఆ తర్వాత ప్రొజెక్షన్ లేయర్‌లో ముందుకొచ్చినవి. ఈ రెండో చుట్టులోనే బిల్డింగ్ లేచి నిలబడుతుంది.

నాలుగు. పాలీలైన్ విడ్త్‌నీ లైన్ వెయిట్‌నీ కలపకండి. విడ్త్ అనేది డ్రాయింగ్ కొలత, స్కేల్ మారితే కాగితం మీద అదీ మారుతుంది. లైన్ వెయిట్ కాగితం కొలత, 0.35 అంటే ప్రింట్‌లో 0.35.

ఐదు. స్క్రీన్ మీద చూడాలంటే కింద స్టేటస్ బార్‌లో లైన్ వెయిట్ బటన్ ఆన్ చేయాలి. కానీ మోడల్ స్పేస్‌లో కనిపించే మందాన్ని నమ్మకండి. అది పిక్సెళ్ళ లెక్క, జూమ్ చేసినా అంతే ఉంటుంది. లేఅవుట్‌లోకి వచ్చి ప్రివ్యూ చూడండి.

ఆరు. లేఅవుట్ పేజ్ సెటప్‌లో స్కేల్ లైన్ వెయిట్స్ అని ఒక టిక్ ఉంటుంది. షీట్‌ని సగానికి తగ్గించి ప్రింట్ ఇచ్చేటప్పుడు గీతలు కూడా దాంతో పాటు తగ్గాలా వద్దా అనేది ఆ టిక్ చెప్తుంది. తెలియకుండా వదిలేయకండి.

రెవిట్, స్కెచ్‌అప్ వాడేవాళ్ళకి

రెవిట్‌లో మందానికి 1 నుంచి 16 దాకా నంబర్లు ఉంటాయి. ఒక్కో నంబర్ ఏ స్కేల్‌లో ఎన్ని మిల్లీమీటర్లో ఒక పట్టిక ఉంటుంది. గోడకి ఏ నంబర్, కిటికీకి ఏ నంబర్ అనేది ఆబ్జెక్ట్ స్టైల్స్‌లో పెడతాం. చిక్కు ఏంటంటే, రెవిట్‌కి గోడ అంటే గోడే. ముందున్న గోడ, ఇరవై అడుగుల వెనకున్న గోడ, రెంటికీ ఒకే మందం వేస్తుంది. అందుకే ఎలివేషన్ వ్యూలో మూడు పనులు మీరే చేయాలి. లైన్‌వర్క్ టూల్ తీసుకుని బయటి అంచుల మీద వైడ్ లైన్స్ అని క్లిక్ చేయండి. గ్రాఫిక్ డిస్‌ప్లే ఆప్షన్స్‌లో డెప్త్ క్యూయింగ్ ఆన్ చేయండి, దూరంగా ఉన్నవి వాటంతటవే పలచబడతాయి. నేల గీత విడిగా గీయండి. ఇంకో మాట, థిన్ లైన్స్ బటన్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ మీద అన్నీ సన్నగానే కనిపిస్తాయి. ఏదో పాడైందని కంగారు పడకండి.

స్కెచ్‌అప్‌లో అయితే కెమెరాని ప్యారలల్ ప్రొజెక్షన్‌కి మార్చి, ఫ్రంట్ వ్యూ పెట్టి, స్టైల్స్‌లో ఎడ్జ్ సెట్టింగ్స్ తెరవండి. ప్రొఫైల్స్ బయటి అంచుల్ని లావు చేస్తుంది, డెప్త్ క్యూ ముందున్నవాటిని లావుగా, వెనకున్నవాటిని సన్నగా చూపిస్తుంది. మన సూత్రమే, సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. కానీ నగిషీ ఎక్కువున్న చోట ప్రొఫైల్స్ మొత్తం నల్లగా చేసేస్తుంది, అక్కడ తగ్గించుకోవాలి.

ఫోన్‌లో పంపేటప్పుడు

ఈ రోజుల్లో సగం మంది మేస్త్రీలు డ్రాయింగ్‌ని ఫోన్‌లోనే చూస్తున్నారు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగిపోతుంది, 0.13, 0.25 రెండూ ఒకటైపోతాయి. పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి. కంప్యూటర్‌లో అక్రోబాట్ వాడితే ఎన్‌హాన్స్ థిన్ లైన్స్ అనే సెట్టింగ్ ఉంటుంది, అది సన్న గీతల్ని లావు చేసి చూపిస్తుంది. "ప్రింట్‌లో బాగుంది, స్క్రీన్ మీద అన్నీ ఒకేలా ఉన్నాయి" అనిపిస్తే దాన్ని ఆఫ్ చేసి చూడండి.

మందం ఎంత బాగా పెట్టినా, కొలత రాయడం మానకండి. నా పట్టీ దగ్గర "4 అంగుళాలు బయటికి" అని ఒక్క ముక్క రాసుంటే ఆ గొడవే లేదు. గీత చూడగానే అర్థం కావాలి, అక్షరం అనుమానం తీర్చాలి. రెండూ కావాలి.

చివరిగా

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళని ఎప్పుడైనా చూశారా? వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, రంగులో ముంచి, ఆ చుట్టని వేళ్ళతో నొక్కుతూ గీత లాగుతారు. గీతలకి ఒక కలం, రంగు నింపడానికి ఇంకో కలం. సాఫ్ట్‌వేర్ లేదు, మిల్లీమీటర్ లేదు, కానీ ఏ గీత ఎంత ఉండాలో చేతికి తెలుసు. మనకి కంప్యూటర్ ఆ పని చేస్తుంది, ఎంత ఉండాలో మాత్రం మనమే చెప్పాలి.

అదే ఊళ్ళో, 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాదాపు ఐదు వందల ఏళ్ళు నిలబడింది, ఒక్క సాయంత్రంలో మట్టి అయింది. ఇప్పుడు అక్కడ ఉన్నది కొత్తగా కట్టింది. కట్టడం శాశ్వతం అనుకుంటాం, కాదు. అలాంటి రోజున, పాతది ఎలా ఉండేదో చెప్పేవి ఫోటోలు, డ్రాయింగులే. ఆ డ్రాయింగ్‌లో ఏది ముందుకుందో, ఏది వెనక్కుందో తెలియకపోతే, రేపు దాన్ని చూసి కట్టేవాడు పట్టీ ఉన్న చోట గాడి కొడతాడు, నా మేస్త్రీ లాగే.

కాబట్టి ఈ వారం హోంవర్క్. మీ వీధిలో ఒక పాత ఇల్లు ఎంచుకోండి. అరుగు, స్తంభాలు, మిద్దె, ఏదైనా సరే. ఫోటో తీయండి, ఐదే ఐదు మందాలతో ఎలివేషన్ గీయండి, ఏ3లో ప్రింట్ తీసి గోడకి అంటించి పది అడుగుల దూరం నుంచి చూడండి. ఆకారం ముందు కనిపించి, దగ్గరికి వస్తుంటే మిగతావి ఒక్కొక్కటిగా కనిపిస్తే, మీకు వచ్చేసినట్టే. అన్నీ ఒకేసారి కనిపిస్తే, లేదా ఏదీ కనిపించకపోతే, లేయర్ మేనేజర్ తెరిచి మళ్ళీ మొదలుపెట్టండి.

సరే ఫ్రెండ్స్, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.